పదోసారి దిద్దిన గుర్రం

కిందటి వారం కొళాయిని లిఫ్టులో వదిలేసి వచ్చాం. పైన మీటింగుకి వెళ్ళాల్సిన మనిషి కిందికి వెళ్ళే బటన్ నొక్కి, తలుపులు మూసుకున్నాక తన బూట్లు తానే చూసుకుంటూ నిలబడ్డాడు. వారం రోజులు ఒక మనిషిని లిఫ్టులో నిలబెట్టడం మర్యాద కాదు, నిజమే. కానీ బయటికి రావాలన్న తొందర అతనికీ లేదు.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్దాం. కొళాయి సినిమా స్టూడియోలకి పైప్‌లైన్ సాఫ్ట్‌వేర్ రాస్తాడు. కంప్యూటర్లో ఒకరు గుర్రాన్ని తయారుచేస్తారు, ఇంకొకరు నడిపిస్తారు, మరొకరు దాని మీద ఎండా నీడా వేస్తారు. ఒకరి పని ఇంకొకరి బల్ల మీదికి తప్పిపోకుండా, తారుమారు కాకుండా చేర్చే ఏర్పాటే పైప్‌లైన్. మా చిన్నవాడు పైపుల పనిలో ఉన్నాడని వాళ్ళమ్మ నలుగురికీ గర్వంగా చెప్పుకుంటే, పక్కింటాయన కారుతున్న కొళాయి ఊడదీసి సంచిలో వేసుకుని వచ్చాడు. ఆ పూట వదిన పొట్ట పట్టుకుని నవ్వి పెట్టిన పేరు ఇది. ఇంట్లో పెట్టిన పేరు ఆఫీసుకి ఎలా పాకిందో ఎవరికీ తెలియదు. పాకింది, అంతే.

ఆ వదినే అతనికి ఈ విద్య నేర్పింది. చదువైపోయి ఉద్యోగం లేక, మధ్యాహ్నం దాకా ముసుగుతన్ని పడుకునే మరిదిని లేపి, పక్కన కూర్చోబెట్టుకుని, అక్షరాలు దిద్దించినట్టు నేర్పింది. ఇప్పుడు అతను పెద్ద స్టూడియోలో ఉన్నాడు. ఆవిడ బట్టలు కుట్టే దుకాణం పైన రెండు గదుల్లో ఓ చిన్న స్టూడియో నడుపుతోంది. పెద్దదీ, చిన్నదీ, ఊరవతల ఉన్న మూడోదీ కలిసి ఒకే సినిమాకి పని చేస్తున్నాయి. ముగ్గురికీ మూడు సాఫ్ట్‌వేర్లు దండగని, అందరూ తలా కొంత రాసి అందరూ వాడుకునేది ఒకటి చేసుకున్నారు. దాన్ని కాపలా కాసే పని కొళాయిది.

ఆ ఉమ్మడి సాఫ్ట్‌వేర్లో వదిన రాసిన టూల్ ఒకటి ఉంది. సర్వర్ నిండిపోతే, దిద్దినప్పుడల్లా పోగయ్యే పాత వెర్షన్లు తుడిచేసి, కొత్త వెర్షన్ని మాత్రం ఉంచడం దాని పని. కిందటి వారం అది కొత్తవి తుడిచేసి పాతది ఉంచింది. పెద్ద స్టూడియోలో గుర్రాల మాష్టారు పొద్దున్నే వచ్చి తన గుర్రాన్ని తెరిచి చూసుకుంటే, అది ఎప్పుడో వదిలేసిన పాత తీరులో కదులుతోంది. ఆ సంగతి తేల్చే మీటింగు తప్పించుకోబోతూ కొళాయి లిఫ్టెక్కాడు. అక్కడ ఆగాం మనం.

ఇంక లిఫ్టు తలుపులు తెరుద్దాం.

తెరుచుకున్నాయి. ఎదురుగా వదిన నిలబడి ఉంది. భుజాన సంచి, నుదుటన చెమట, చేతిలో సందర్శకుల కార్డు. కార్డు మెడలో వేసుకోవడం ఆవిడకి ఇష్టం ఉండదు.

"కిందికొచ్చావేంట్రా? నాకోసమేనా?" అంది.

"ఆఁ, నీకోసమే," అన్నాడు కొళాయి.

అబద్ధం ఎంత సుళువుగా వచ్చిందో చూశారుగా. ఈ కథంతా ఆ సుళువులోనే ఉంది.

మీటింగు గదిలో పొడవాటి బల్ల, గోడకి పెద్ద తెర. బల్లకి ఒక చివర సూపర్‌వైజర్, మూడో స్టూడియో నుంచి వచ్చిన మేనేజరమ్మ, కిటికీ పక్కన గుర్రాల మాష్టారు. మాష్టారు ఎక్కువ మాట్లాడడు. గుర్రం గురించైతే ఎంతసేపైనా మాట్లాడతాడు. మిగతా లోకం గురించి ఆయనకి పెద్దగా అభిప్రాయాలు లేవు.

"ముందు ఏం జరిగిందో అందరికీ అర్థమయ్యేట్టు చెప్పు," అన్నాడు సూపర్‌వైజర్ కొళాయితో.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, కొళాయి కాలరు సర్దుకున్నాడు. లేచి తెర దగ్గరికి వెళ్ళి చెప్పాడు. బాగానే చెప్పాడు. టూల్ వెర్షన్ల అంకెల్ని అంకెలుగా చూడకుండా, నిఘంటువులో మాటల్ని చూసినట్టు చూసింది. నిఘంటువు వరసలో ఒకటితోనో రెండుతోనో మొదలయ్యేది తొమ్మిదికి ముందే వస్తుంది. కాబట్టి పదో వెర్షన్, పదకొండో వెర్షన్, ఇరవయ్యో వెర్షన్, అన్నీ తొమ్మిది కంటే పాతవే అనుకుంది. తొమ్మిదిని ఉంచి తక్కినవన్నీ తుడిచేసింది. బ్యాకప్ కూడా ఈ టూల్ మాట విని నడిచేదే కాబట్టి అక్కడా తొమ్మిదే మిగిలింది.

"మరి ఆ చిన్న స్టూడియోలో ఏం కాలేదెందుకు?" అంది మేనేజరమ్మ. ఆవిడ అన్నది వదిన స్టూడియో గురించి.

"మేం అంకెకి ముందు సున్నాలు పెట్టి రాస్తామండి," అంది వదిన. "సున్నా సున్నా తొమ్మిది, సున్నా ఒకటి సున్నా. అలా రాస్తే వరస తప్పదు. ఇక్కడ సున్నాలు పెట్టరు. ఆ సంగతి నాకు తెలీదు. తెలుసుకోకుండా రాయడం నా తప్పే."

ఆవిడ తల దించుకోలేదు. దించుకుంది కొళాయి.

"పదోసారి దాకా వెళ్ళనివాళ్ళకి ఏమీ కాలేదన్నమాట," అన్నాడు సూపర్‌వైజర్. ఎవరినో వెక్కిరించడానికి అనలేదు, పైకి ఆలోచించాడు. కానీ ఆ మాటకి గదిలో అందరూ మాష్టారు వైపు చూశారు. త్వరగా కానిచ్చేసి ఇంటికెళ్ళినవాళ్ళ పనులు భద్రంగా ఉన్నాయి. నచ్చలేదని మళ్ళీ మళ్ళీ దిద్దుకున్నవాళ్ళే మునిగారు. మాష్టారంత దిద్దినవాళ్ళు ఆ స్టూడియోలో లేరు.

తెర మీద గుర్రం వేశారు. ముసలి గుర్రం, బురదలో కూరుకుపోయి లేవబోతుంది. ముందుకాళ్ళు ఊని ఒక్క ఊపులో లేచేసింది. చూసేవాళ్ళకి బాగానే ఉంది.

"ఇది కుర్ర గుర్రం లేవడం," అన్నాడు మాష్టారు. "ముసల్ది ఇలా లేవదు. ముందు లేద్దామనుకుంటుంది. భుజం కదులుతుంది, ఆగిపోతుంది. సిగ్గుపడి అటూ ఇటూ చూస్తుంది, ఎవరైనా చూశారేమోనని. అప్పుడు లేస్తుంది. ఆ చూపు నాకు చాలాకాలం దొరకలేదు. దొరికాక పోయింది."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే కొళాయికి హాయిగా ఉండేది. తిట్టేవాడి ముందు తల వంచుకోవడం తేలిక. ఈయన తన గుర్రం గురించి చెప్పుకున్నాడు, అంతే, కొళాయికి మాత్రం ఎక్కడ చచ్చిపోదామా అనిపించింది.

సూపర్‌వైజర్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మీ మీద నాకు గౌరవం ఉంది. కానీ చిన్న స్టూడియో రాసినది పెద్ద స్టూడియోలో నడిచే చోట ఇలా జరిగితే రేపు పైవాళ్ళకి నేనేం చెప్పాలి? మీ స్టూడియోని ఈ ఉమ్మడి సాఫ్ట్‌వేర్ నుంచి తప్పిద్దామని మిగతా రెండు స్టూడియోల వాళ్ళం అనుకుంటున్నాం."

తప్పిస్తే ఏమవుతుందో అక్కడున్న అందరికీ తెలుసు. ఈ సాఫ్ట్‌వేర్లోంచే పని వస్తుంది, ఇందులోంచే వెళుతుంది. పైపు కోసేస్తే ఇంటికి నీళ్ళు రానట్టే, రెండు గదుల స్టూడియోకి సినిమా రాదు. అక్కడ పనిచేసేవాళ్ళంతా వదిన నేర్పి తయారుచేసుకున్నవాళ్ళు.

"సరేనండి," అంది వదిన. "నా చేత్తో జరిగింది కాబట్టి కాదనను. మాష్టారూ, మీకు క్షమాపణ చెప్పడానికి వచ్చాను. చెప్పినంత మాత్రాన గుర్రం రాదని తెలుసు."

మాష్టారు కిటికీలోంచి చూపు తిప్పాడు. "ఒక్క మాట అడగనా? ఒకరు రాసింది ఇంకో స్టూడియో మనిషి చదివితేగాని లోపలికి రాదంటారుగా. దీన్ని ఎవరు చదివారు?"

సూపర్‌వైజర్ కొళాయి వైపు తిరిగాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఒక స్టూడియో రాసిన టూల్‌ని మరో స్టూడియో వాళ్ళు చదివి, 'చూశాను' అన్న బటన్ నొక్కాలి. అది ఆ ముగ్గురి కట్టుబాటు. నొక్కినవాళ్ళ పేరు మాత్రం బయటికి కనపడదు. తప్పు జరిగితే పనిని దిద్దుకుందాం, మనిషిని నలుగురిలో నిలబెట్టొద్దు అని ఒకడు ఇదే గదిలో లేచి మాట్లాడితే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఒకడు మన కొళాయే. పేర్లు చూసే తాళం కూడా అతని దగ్గరే ఉంది. అప్పుడు ఎంత మంచివాణ్ణో అని తన భుజం తానే తట్టుకున్నాడు. ఇప్పుడు ఆ మంచితనం చాటునే దాక్కుని కూర్చున్నాడు.

"నువ్వు చూసి చెప్పు," అన్నాడు సూపర్‌వైజర్ కొళాయితో. "పేర్లు బయటపెట్టకూడదన్నది నిజమే, కానీ ఇది చిన్న విషయం కాదు. ఈలోగా టీ తాగుదాం."

దొంగ చేతికే తాళాలివ్వడం అంటే ఏమిటో కొళాయికి అప్పుడు తెలిసింది. "చూస్తాను," అన్నాడు. ఆ మాట పలకడానికి అతని నోటికి బాగా అలవాటు.

వంటగది అని పిలుచుకునే ఇరుకు గదిలో, టీ మిషను పక్కన, వదిన అతని చేతికి కప్పు అందించి నిలబడింది. తలుపు దగ్గరగా వేసింది.

"నీ మొహం చూస్తే అక్కడే అందరికీ తెలిసిపోయేలా ఉంది," అంది మెల్లగా. "ఇలా తే కప్పు. ఒలుకుతోంది."

"వదినా..."

"నాకు తెలుసుగా నీకే పంపానని. ఆ వేళ మా ఇంట్లో భోంచేస్తూ అడిగాను కూడా. వెర్షన్ అంకెల దగ్గర నాకు అనుమానంగా ఉంది, మీ దగ్గర ఎలా రాస్తారో నాకు తెలీదు, అక్కడ ఉండేవాడివి నువ్వు, ఆ చోట కాస్త పట్టి చూడమన్నాను. చూశానన్నావు. నేనూ చూశాను, నువ్వూ చూశావు, ఇద్దరికీ కనపడలేదు. కళ్ళున్నంత మాత్రాన అన్నీ కనపడతాయా?"

కొళాయికి ఆ భోజనం ఉన్నదున్నట్టు కళ్ళకి కట్టింది. అన్నయ్య పక్కన కూర్చున్నాడు. తన కుడి చెయ్యి కంచంలో ఉంది. వదిన లోపల్నుంచి ఇంకో వడ్డన తెస్తూ "చూశావా?" అని అడిగింది. అప్పటికి దాన్ని తెరవనే లేదు. లేదని చెబితే ఇంకా చూడలేదా అంటుందేమోనని, బల్ల మీద ఫోన్ని ఎడమ చేతి బొటనవేలితో లాక్కుని, బటన్ నొక్కి, "ఆఁ, చూశాను వదినా" అన్నాడు. ముద్ద నములుతూనే అన్నాడు. వదిన రాసిందంటే వంక పెట్టడానికేముంటుంది అని మనసుకి సర్ది చెప్పుకున్నాడు. బద్ధకానికి గౌరవం అని పేరు పెట్టుకున్నాడు.

"అందుకని నీ పేరు చెప్పకు," అంది వదిన. "తాళం నీ దగ్గరే ఉంది కదా, పాత పేర్లు ఉంచలేదని చెప్పెయ్. నా పేరు ఎలాగూ పోయింది. రెండు పేర్లూ పోవడం ఎందుకు? ఇంట్లో ఒక్కళ్ళమైనా ఈ పనిలో ఉండాలిగా. మీ అన్నయ్యతో నేను మాట్లాడతాను."

జీవితంలో ఎవరి దగ్గరా అబద్ధం ఆడని మనిషి ఆవిడ. ఇవాళ మరిది కోసం ఒక అబద్ధం కుట్టి చేతికిస్తోంది. అదీ అతను కళ్ళు పెట్టి చదివాడన్న నమ్మకం మీద.

కొళాయి ఆ క్షణంలోనే చెప్పేయాల్సింది. చెప్పలేదు. ఒక్క క్షణం లోపల హమ్మయ్య అనిపించింది. నిజంగా అనిపించింది, మనం దాచిపెట్టడం ఎందుకు. ఆ వెంటనే ఆ హమ్మయ్యకి ఒళ్ళంతా కంపరం పుట్టింది. వదిన చేతిలోంచి కప్పు తీసుకుని ఒక గుక్క తాగాడు. నాలుక కాలింది. మంచి పనైందనుకున్నాడు.

మళ్ళీ అందరూ గదిలో చేరారు. మాష్టారు టీకి లేవలేదు. తెర మీద ఆగిపోయిన గుర్రాన్ని చూస్తూ, కుడి భుజం కొద్దిగా పైకెత్తి, ఆపి, తల అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు. పోయిన చూపుని తన ఒంట్లో వెతుక్కుంటున్నాడు. వీళ్ళు రావడం చూసి ఆపేశాడు.

"దొరికిందా పేరు?" అన్నాడు సూపర్‌వైజర్.

వదిన కొళాయి వైపు చూడలేదు. సంచి పట్టీ సరిచేసుకుంటోంది.

"పేరు..." అన్నాడు కొళాయి. తేలు కుట్టిన దొంగలా అక్కడే ఆగిపోయాడు.

మాష్టారు చెయ్యి అడ్డంపెట్టాడు. "వద్దులే బాబూ. అడిగి తప్పు చేశానేమో. పాపం ఆ చదివినతను ఎంత బాధపడుతున్నాడో. నేను నా గుర్రాన్ని రోజూ చూస్తాను. అయినా వెనకకాలు నేలకి ఆనకుండా తేలుతున్న సంగతి చాలారోజులు నాకే కనపడలేదు. చూసి చూసి కూడా కనపడకపోతే అది తప్పెలా అవుతుంది? అమ్మా, మీ స్టూడియోని తీసెయ్యొద్దని నా మాటగా చెబుతాను. రాసినావిడ తనకి తెలిసినంతలో సరిగ్గానే రాసింది, చదివినతను కళ్ళు పెట్టి చదివాడు. దాటిపోయింది, అంతే."

గదిలో అందరి ముఖాలూ కొంచెం తేలికపడ్డాయి. సూపర్‌వైజర్ కూడా తలాడించాడు. ఇంక నోరు మూసుకుని కూర్చుంటే చాలు. వదిన స్టూడియో నిలుస్తుంది, తన ఉద్యోగం నిలుస్తుంది, మాష్టారు మళ్ళీ గుర్రాన్ని లేపుకుంటాడు. నోరు మూసుకోవడం కన్నా సుళువైన పని లోకంలో ఏముంది?

కానీ చూసినవాడికి దొరికిన క్షమ అది. ఆ పెద్దాయన కళ్ళకి అడ్డం పడ్డ పొరని క్షమించాడు. తెరవని కళ్ళని కాదు. ఆ మంచి మాట తన ఒంటి మీద వేరేవాళ్ళ చొక్కాలా ఉంది కొళాయికి. చేతులు పట్టడం లేదు, విప్పితే అందరూ చూస్తారు.

"నేనే," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"'చూశాను' అని నొక్కింది నేనే మాష్టారూ. కానీ నేను చదవలేదు. తెరవనే లేదు. అన్నం తింటూ ఎడమ చేత్తో నొక్కాను. ఆ చోట చూడమని వదిన నాతో నోరు విప్పి చెప్పింది. ఒక్కసారి చూసుంటే నాకు తెలిసేది. సున్నాలు పెట్టకుండా రాసేది మేమే కదా." తెర వైపు తిరిగి, "పేర్లు కనపడకూడదని చెప్పింది కూడా నేనే," అన్నాడు.

అతను కీబోర్డు దగ్గరికి జరిగి, తాళం తీసి, తన పేరు గోడ మీద తెరకెక్కించాడు. గుర్రం పోయి ఆ స్థానంలో పేరు పడింది. చదవడానికి అంత పెద్ద తెర అక్కర్లేదు.

సూపర్‌వైజర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మేనేజరమ్మ కాగితాలు సర్దుకుంది. మాష్టారు మాత్రం అతని ముఖాన్నే చూశాడు, ఇప్పటిదాకా గుర్రాన్ని చూసినంత శ్రద్ధగా. కొళాయి ఆ చూపు తట్టుకోలేక అటూ ఇటూ చూశాడు.

వదిన సంచి పట్టీ వదిలేసింది. కొళాయికి ఎదురుచూపు ఉంది, నీచమైనదే అయినా ఉంది. చెప్పేశావు, ఇప్పటికైనా చెప్పావు అంటుందని. ఒక చెయ్యి భుజం మీద పడుతుందని.

"మా దగ్గర రాసినవన్నీ నీకే పంపాను," అంది వదిన చివరికి. గొంతు ఎత్తలేదు. "మా పిల్లలు రాసినవి కూడా. ఇంట్లో మనిషే చదువుతున్నాడు, ఏ తప్పున్నా పట్టుకుంటాడు, భయపడకుండా రాయండి అని చెప్పి రాయించాను వాళ్ళచేత." తెర మీది పేరు చూసింది. "మిగతావి చూశారా మీరు?"

మీరు. ముసుగు లాగి నిద్ర లేపిన రోజు నుంచి ఆవిడ నోట అతను ఒక్కసారి కూడా వినని మాట అది. తిట్టినప్పుడు వినలేదు, అలిగినప్పుడు వినలేదు. ఇప్పుడు ఆ ఒక్క మర్యాదతో వదిన అతన్ని ఇంటి బయట నిలబెట్టి తలుపు వేసింది.

చూశాను అన్న మాట అలవాటుకొద్దీ నోటి చివరిదాకా వచ్చింది. కొళాయి పళ్ళు బిగించి దాన్ని లోపలే ఆపాడు. తల మాత్రం అడ్డంగా ఊపాడు.

"లేవండి," అంది వదిన.

అతను కుర్చీలోంచి లేచాడు. ఆవిడ కూర్చుంది. సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, అతను చివరగా 'చూశాను' అని నొక్కినదాన్ని తెరిచింది. పూర్తయిన దృశ్యాల్ని మూడు స్టూడియోల నుంచీ పోగుచేసి, ఒక్కటిగా కట్టి, సినిమావాళ్ళకి పంపే టూల్ అది. పంపినవాటిని ఆ వెంటనే ఇక్కడి సర్వర్ నుంచి తీసేసేది కూడా అదే.

"అది పొద్దున మొదలుపెట్టించాను," అన్నాడు సూపర్‌వైజర్. "ఇప్పుడు నడుస్తూ ఉంటుంది."

వదిన పెదాలు కదుపుతూ, వేలు పెట్టి, ఒక్కొక్క వరసే చదువుకుంటూ పోయింది. ఒకప్పుడు కొళాయికి నేర్పింది కూడా అలాగే, వేలు పెట్టే. మాష్టారు లేచి వచ్చి ఆవిడ కుర్చీ వెనక నిలబడ్డాడు. కొళాయి గోడకి ఆనుకుని నిలబడి ఆ వేలినే చూస్తున్నాడు.

మొదటి పేజీ సగంలో వేలు ఆగిపోయింది.

వెనక్కి వెళ్ళి ఆ వరసని మళ్ళీ చదివింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మూడోసారి చదివింది.

"ఆపించండి," అంది సూపర్‌వైజర్‌తో.